వరంగల్ ఇంటర్నెట్ ఆపరేటర్ అన్నలకు బహిరంగ లేఖ: వైఫైకి ఫోన్ నంబర్ పాస్‌వర్డ్ పెట్టుడు బంద్ చెయ్యండి

వరంగల్, హనుమకొండ, కాజీపేటల ఇంటింటికి ఫైబర్ తీగ గుంజి నెట్ ఇస్తున్న కేబుల్, ఇంటర్నెట్ ఆపరేటర్ అన్నలకు, వాళ్ల దగ్గర లైన్ మీద తిరిగే తమ్ముళ్లకు నమస్తే.

నేను హనుమకొండల సీసీ కెమెరాలు బిగిస్త, చిన్న చిన్న ఆఫీసులకు, క్లినిక్‌లకు నెట్‌వర్క్ పని చేస్త. మీరు పెట్టిపోయిన బాక్స్ పక్కనే నా డీవీఆర్ (కెమెరా రికార్డింగ్ డబ్బా) పెట్టాల్సి వస్తది, మీ వైఫైకే నా కెమెరాలు కలపాల్సి వస్తది, అందుకే మీరు ఏ ఇంట్ల ఏ పాస్‌వర్డ్ పెట్టిన్రో రోజూ నా కండ్ల పడ్తనే ఉంటది. చెప్పదల్చుకున్నది ఒక్కటే, అది ముందే చెప్పేస్త. కస్టమర్ ఫోన్ నంబర్‌ను వైఫై పాస్‌వర్డ్‌గా పెట్టుడు ఆపండి. కనెక్షన్ ఇచ్చిన రోజు మీ పిల్లగాడు ఏది కొడ్తే అదే ఆ ఇంట్ల ఏండ్లకేండ్లు నడుస్తది, తర్వాత దాన్ని మార్చుకునే ఇల్లు నాకైతే చాన తక్కువ కనపడ్డది, అంటే ఈ మూడు ఊర్ల వైఫై భద్రత మొత్తం ఆ రెండు నిమిషాల్ల మీ చేతుల మీద తేలిపోతున్నది. కస్టమర్ చేతిల కాదు, కంపెనీ చేతిల కాదు, మీ చేతులల్లనే.

ఇంటికాడ ఏం జరుగుతదో మనకందరికీ తెల్సు. పోల్ మీదికెల్లి డ్రాప్ వైర్ గుంజుతరు, కిటికీ పక్కన గోడకు బొక్క కొడ్తరు, స్ప్లైసింగ్ చేసి పవర్ మీటర్ పెట్టి లైట్ ఎంత వస్తుందో చూస్తరు, ఓఎన్‌యూ (ఫైబర్ తీగ కలిపే బాక్స్) మీద పచ్చ లైట్ నిలవడంగనే అసలు పని అయిపోయినట్టే లెక్క. ఇగ సెల్ తీసి బాక్స్ పేజీ ఓపెన్ చేసి "అన్నా, పేరేం పెట్టాలె, పాస్‌వర్డ్ ఏం పెట్టాలె" అని అడుగుతరు, ఇంటాయన "యాదికుండేది ఏదో ఒకటి పెట్టు తమ్మీ" అంటడు, తమ్ముడు ఫారం మీద ఉన్న ఫోన్ నంబరే కొట్టేసి "మీ నంబరే పెట్టిన అన్నా" అని చెప్పి ఇంకో ఇంటికి ఉరుకుతడు, ఎందుకంటే సాయంత్రం లోపట ఇంకా నాలుగైదు కనెక్షన్లు ఇయ్యాలె, అవతల ఎక్కడనో ఫైబర్ కట్ అయ్యి ఫోన్లు మోగుతుంటయ్. నేను ఆ తమ్ముణ్ణి తప్పు పడ్తలేను. వానికి ఎవ్వలు చెప్పలేదు, చెప్పాల్సిన వాళ్లు మీరు, అందుకే లెటర్ మీకు రాస్తున్న.

ఫోన్ నంబర్ అంటే ఏంది, ఊరందరికీ ఇచ్చేదే ఫోన్ నంబర్. షాపు బోర్డు మీద ఉంటది, విజిటింగ్ కార్డు మీద ఉంటది, పెండ్లి కార్డు మీద, టులెట్ బోర్డు మీద, ఆటో వెనుక, కాలనీ వాట్సాప్ గ్రూపుల, ఆఖరికి పండుగ పూట చౌరస్తాల కట్టే ఫ్లెక్సీ మీద కూడా ఉంటది. మీరేమో వైఫై పేరు కూడా ఆ షాపు పేరో ఇంటాయన పేరో పెడ్తరు. బీరువాకు తాళమేసి చెవి దానికే వేలాడదీసినట్టు అయితది కద అన్నా. పోచమ్మమైదాన్ల రోడ్డు మీద నిలబడి ఫోన్ల వైఫై లిస్టు తెరిస్తే పది షాపుల పేర్లు వస్తయ్, తలకాయ ఎత్తి చూస్తే పది బోర్డులు కనపడ్తయ్, ఆ బోర్డుల మీద నంబర్లు ఉంటయ్. దీనికి హ్యాకింగ్ కూడా రావాల్సిన పని లేదు.

కొందరు అన్నలు అంటరు, మా కస్టమర్ నంబర్ బయట ఎవ్వనికీ తెల్వదు, గృహిణి నంబర్ పెట్టినం, ఎట్ల పట్టుకుంటడు అని. ఈ ముచ్చట జర నెమ్మదిగ చదవండి, మనోళ్లకు తెల్వనిది ఇదే. ఇప్పుడు మనం ఇండ్లల్ల పెట్టే డబ్ల్యూపీఏ2 అనే వైఫై తాళం పద్ధతిల, ఒక ఫోన్ వైఫైకి కలిసేటప్పుడు ఆ ఫోన్‌కు, రూటర్‌కు నడుమ నాలుగు మెసేజ్‌లు గాలిల పోతయ్. అండ్ల పాస్‌వర్డ్ ఉండదు గని పాస్‌వర్డ్‌తోని లెక్క కట్టిన గుర్తు ఒకటి ఉంటది. బయట రోడ్డు మీద లాప్‌టాప్ పట్టుకుని కూసున్నోడు ఆ గుర్తును పట్టుకుంటడు, అంతే, ఇగ మీ గల్లీల వానికి పని లేదు. ఇంటికి పోయి సొంత కంప్యూటర్ మీద ఒక్కొక్క పాస్‌వర్డ్ పెట్టి అదే లెక్క కట్టి ఆ గుర్తుతోని సరిపోయిందా లేదా చూసుకుంట పోతడు. మీ రూటర్‌కు ఈ సంగతే తెల్వదు. మూడు సార్లు తప్పు కొడ్తే లాక్ అయితది అనేది ఏటీఎం కాడ ఉంటది, ఇక్కడ అది లేదు, ఎన్ని కోట్ల సార్లు కొట్టినా అడిగేటోడు లేడు.

ఇప్పుడు ఫోన్ నంబర్ లెక్క చూడండి. మన దేశంల మొబైల్ నంబర్ పది అంకెలు, మొదటి అంకె 6, 7, 8, 9లల్ల ఏదో ఒకటి. అంటే మొత్తం కలిపితే 400 కోట్ల నంబర్లు, అంతకు మించి లేవు. వినడానికి పెద్దగ అనిపిస్తది గని, పిల్లగాండ్లు గేమ్స్ ఆడుకునే పాత గ్రాఫిక్స్ కార్డు కూడా సెకనుకు దగ్గర దగ్గర 4 లక్షల పాస్‌వర్డ్‌లు చూడగల్గుతది, ఆ లెక్కన 400 కోట్లు మొత్తం తిప్పితే 10,000 సెకన్లు, అంటే మూడు గంటలు కూడా కాదు. ఇప్పుడొచ్చే పెద్ద కార్డులు సెకనుకు 20 లక్షలు దాటుతున్నయ్, వాటికి అరగంట పైన కొంచెం. ఇగ పాస్‌వర్డ్‌గ ఎనిమిది అంకెలు పెట్టేటోళ్లు ఉన్నరు, అది పాత కార్డుకే నాలుగు నిమిషాల పని. పుట్టిన తేదీ పెట్టినోళ్లదైతే చెప్పుకునే పనే లేదు, నూరేండ్ల తేదీలన్నీ కలిపినా 36,500 చిల్లర, కన్ను మూసి తెరిచేలోపు అయిపోతది.

ఇది నేను భయపెట్టడానికి అల్లిన లెక్క కాదు, చేసి చూపిచ్చినోళ్లు ఉన్నరు. 2021ల ఇజ్రాయెల్‌ల సైబర్‌ఆర్క్ అనే కంపెనీ పరిశోధకుడు టెల్ అవీవ్ నగరంల తిరిగి 5,000 వైఫైల గుర్తులు పట్టుకున్నడు, ఇంటికి తెచ్చి చూస్తే అండ్ల సుమారు 70 శాతం పాస్‌వర్డ్‌లు తేలిపోయినయ్. కారణం ఏందనుకున్నరు, ఆ ఊర్ల కూడా జనం ఎక్కువగ పెట్టుకున్నది సెల్ నంబరే. వాళ్ల నంబర్లు 05తోని మొదలైతయ్, మిగిలిన ఎనిమిది అంకెలు తిప్పితే సాలు. మన దగ్గర అంకెలు కొంచెం ఎక్కువ, అలవాటు మాత్రం అదే అలవాటు.

సరే, లోపటికి వస్తే ఏమైతది, నాలుగు వీడియోలు చూసుకుంటడు, మా కస్టమర్‌కు అన్‌లిమిటెడ్ ప్లానే కదా అని ఒక అన్న నాతోనే అన్నడు. కొన్ని సంగతులు ఉన్నదున్నట్టు చెప్త. పక్కింటోడు మీ వైఫైల జొరబడంగనే మీ ఫోన్‌పే పిన్ వానికి కనపడదు, బ్యాంకు యాప్‌లు వాటి మెసేజ్‌లను అవే తాళమేసి పంపిస్తయ్, వాట్సాప్ కూడా అంతే. అట్ల కనపడ్తదని యూట్యూబ్‌ల కొందరు చెప్పి జనాన్ని వణికిస్తున్నరు, అది నేను చెప్తలేను. నేను భయపడేది వేరే వాటికి, అండ్ల మొదటిది పోలీసు కేసు.

2008 జులై 26న అహ్మదాబాద్‌ల వరుస పేలుళ్లు అయినయ్ గుర్తుండే ఉంటది. పేలుళ్లకు కొన్ని నిమిషాల ముందు టీవీ ఛానళ్లకు ఒక బెదిరింపు మెయిల్ వచ్చింది. పోలీసులు ఐపీ అడ్రస్ (నెట్ మీద కనెక్షన్‌ను గుర్తు పట్టే నంబర్) పట్టుకుని పోతే నవీ ముంబైల ఒక అమెరికన్ ఫ్లాట్ తేలింది. ఆయన వైఫై తెరిచి ఉన్నది, మెయిల్ పంపినోడు ఆ వైఫై వాడుకుని పోయిండు. ఆ మనిషిని ఏటీఎస్ (ఉగ్రవాద కేసులు చూసే పోలీసు దళం) ఎన్ని సార్లు పిలిచి అడిగిందో, ఇంట్ల కంప్యూటర్లు ఎట్ల తీస్కపోయిందో ఆ రోజుల్ల పేపర్లల్ల అంతా వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 13న ఢిల్లీ పేలుళ్లప్పుడు కూడా మెయిల్ చెంబూర్‌ల ఒక కంపెనీ వైఫై మీదికెల్లి పోయింది. దాని తర్వాతనే 2009ల టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకు, కస్టమర్ల వైఫైలు తెరిచి ఉండొద్దు, తాళం ఉండాలె అని ఆదేశాలు ఇచ్చింది. అప్పట్నుంచి మనం పాస్‌వర్డ్ పెట్టుడు నేర్చుకున్నం, నిజమే, గని ఫోన్ నంబర్ పెట్టి ఆ ఆదేశాన్ని పేరుకే నడిపిస్తున్నం.

ఇప్పుడు సంగతి ఇంకా కష్టమైంది. మీరు చాన ఇండ్లకు కలిపి ఒకటే పబ్లిక్ ఐపీ ఇస్తున్నరు, అడ్రస్‌లు సరిపోక ఇస్తున్నరు, అండ్ల తప్పు లేదు. పోలీసులు నోటీసు ఇస్తే మీ పైన ఉన్న కంపెనీ టైం, పోర్ట్ నంబర్ చూసి లాగ్‌లకెల్లి (ఎవలు ఎప్పుడు నెట్ వాడిన్రో దాచిపెట్టిన రికార్డులకెల్లి) ఏ కనెక్షనో తేలుస్తది. ఆ లాగ్ ఇంటి గడప దాకనే తీసుకపోతది. ఆ ఇంటి వైఫైల ఏ ఫోన్ ఆ పని చేసిందో లాగ్ చెప్పదు, ఎందుకంటే ఇంట్ల ఉన్న ఫోన్లన్నీ బయటికి ఒక్కటే లెక్క కనపడ్తయ్. అప్పుడు స్టేషన్ మెట్లు ఎక్కేది ఎవలు? ఫారం మీద సంతకం పెట్టిన ఇంటాయన. లోన్ యాప్ మోసం గానీ, ఆడపిల్ల ఫోటో మార్ఫింగ్ గానీ, తప్పుడు ట్రేడింగ్ గ్రూపు గానీ, ఆ టైంల ఆయన ఐపీ దొరికితే ముందు ఫోన్లు, లాప్‌టాప్‌లు సీజ్ అయితయ్, నేను కాదు అని నిరూపించుకునే కష్టం ఆయన నెత్తి మీద పడ్తది. రిటైరై వడ్డేపల్లిల ఒంటరిగ ఉంటున్న పెద్దమనిషి, పిల్లలు అమెరికాల ఉన్నరు, వాళ్లతోని వీడియో కాల్ కోసమే నెట్ పెట్టిచ్చుకున్నడు అనుకోండి, ఆయన పోయి పోలీసులకు నాలుగు మెసేజ్‌ల ముచ్చట ఎట్ల చెప్పుకుంటడు?

పర్మిషన్ లేకుంట ఇంకోని నెట్‌వర్క్‌ల జొరబడుడు మన చట్టంల నేరమే, ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేండ్ల దాక జైలు, 5 లక్షల దాక జరిమానా ఉన్నది. గని చట్టం పని చెయ్యాలంటే దొంగ దొరకాలె. వాడు దొరికేలోపు నలిగేది కస్టమరే.

ఇగ హాస్టళ్లు. దీని మీద నాకు నిద్ర పట్టని బాధ ఉన్నది కాబట్టి కొంచెం ఎక్కువ రాస్త. నయీంనగర్, కిషన్‌పుర, భీమారం దిక్కు పోతే గల్లీకి నాలుగు హాస్టళ్లు, కోచింగ్‌కు వచ్చిన పిల్లలు, ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి, మహబూబాబాద్ నుంచి, మంచిర్యాల నుంచి వచ్చిన పిల్లలు. ఈ మధ్య ఒక లేడీస్ హాస్టల్‌కు కెమెరాలు పెట్టనీకి పిలిస్తే పోయిన. గేటు మీద బోర్డు, బోర్డు మీద వార్డెన్ నంబర్, అదే నంబర్ వైఫై పాస్‌వర్డ్. పిల్లల ఫోన్లు అదే వైఫై మీద, బిల్లులు కొట్టే కంప్యూటర్ అదే వైఫై మీద, వంటమనిషి ఫోన్ అదే, ఇప్పుడు కెమెరాలు కూడా దాని మీదనే పెట్టమన్నరు. బాక్స్ పేజీల కలిసి ఉన్న ఫోన్ల లిస్టు తెరిచి చూపిస్తే సగం పేర్లు ఎవరివో ఆ వార్డెనమ్మ గుర్తు పట్టలేకపోయింది. పాత పిల్లలవి కావచ్చు, బయటోళ్లవి కావచ్చు. వైఫై పాస్‌వర్డ్ ఒకసారి ఇచ్చినంక అది ఒకని దగ్గర ఆగదు, 2019ల వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్ల షేర్ బటన్ నొక్కితే క్యూఆర్ వస్తది, చాన ఫోన్లల్ల ఆ క్యూఆర్ కిందనే పాస్‌వర్డ్ అక్షరాలతోని సహా కనపడ్తది, స్నేహితునికి పంపితే అయిపోయె. హాస్టల్ ఖాళీ చేసి పోయినోని ఫోన్ల కూడా అది అట్లనే ఉంటది, రోడ్డు అవతల టీ స్టాల్ కాడ కూసుంటే దానంతట అదే కలుస్తది.

ఆడపిల్లల హాస్టల్ల కారిడార్ కెమెరాలు ఆ వైఫై మీద ఉన్నయ్ అంటే అర్థం ఏందో ఆలోచించండి. వైఫైల జొరబడ్డోడు కెమెరా అడ్రస్ వెతుక్కునుడు చిన్న పని, ఫోన్లకు ఉచితంగ దొరికే యాప్‌లే చేస్తయ్, ఇగ కెమెరాకు కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డే ఉంటే బొమ్మ వాని చేతిల ఉంటది. కెమెరా పాస్‌వర్డ్ మార్చుడు నా పని, నా తోటి కెమెరా పనోళ్ల పని, మేం చెయ్యాలె, అది మీ మీద పెట్టను. గని బయటి తలుపు మీ చేతిల ఉన్నది. నేను ఆ హాస్టల్‌ల కెమెరాలను వైఫై మీద పెట్టలేదు, కేబుల్ గుంజి విడిగ స్విచ్ పెట్టి చేసిన, ఖర్చు పెరిగింది, వార్డెనమ్మకు అర్థమయ్యేటట్టు చెప్తే ఒప్పుకున్నది. అందరూ ఒప్పుకోరు.

పాస్‌వర్డ్ తర్వాత రెండో సంగతి బాక్స్ పేజీ, అంటే అడ్మిన్ లాగిన్. 192.168.1.1 కొడ్తే వచ్చే పేజీ ఉంటది కద, అక్కడ యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్, ఇట్లనే వదిలిపెట్టిన బాక్సులు నేను చూస్తనే ఉన్న. కొందరు ఆపరేటర్లు అన్ని బాక్సులకు ఒకటే పాస్‌వర్డ్ పెడ్తరు, దూరం నుంచి కూసుని సెట్ చేయనీకి సౌలత్ అని బయటి నుంచి ఆ పేజీ తెరుచుకునేటట్టు కూడా పెడ్తరు. ఒక్క పాత లైన్‌మ్యాన్ కోపం మీద పని ఇడిచిపెట్టి పోతే మీ ఏరియా మొత్తం వాని ఫోన్ల ఉన్నట్టే. 2016ల మిరాయ్ అనే వైరస్ ప్రపంచం మొత్తం మీద లక్షల కెమెరాలను, రూటర్లను పట్టుకున్నది, అది వాడిన తెలివి ఏం పెద్దది కాదు, కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌లు 60 చిల్లర లిస్టు పెట్టుకుని అవే కొట్టుకుంట పోయింది. అట్ల పట్టుకున్న వాటితోని దాడి చేస్తే ఆ ఏడాది అక్టోబర్ 21న అమెరికాల ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివే కొన్ని గంటలు పడిపోయినయ్. దానికంటే ముందు బ్రెజిల్‌ల 45 లక్షల మోడెమ్‌ల సెట్టింగ్ మార్చిన్రు దొంగలు, జనం బ్యాంకు పేరు కరెక్టుగనే కొడ్తున్నరు, తెరుచుకునేది మాత్రం దొంగ పేజీ, ఎందుకంటే ఏ పేరుకు ఏ అడ్రస్ అని చెప్పే డీఎన్‌ఎస్ సెట్టింగ్‌నే వాళ్లు మార్చేసిన్రు. బ్యాంకు యాప్ తాళం గట్టిదే అని పైన చెప్పిన, నిజమే, గని బాక్సే వాని చేతికి పోతే బ్రౌజర్ల వార్నింగ్ వచ్చినా ఓకే నొక్కేసే మనుషులు మన ఇండ్లల్ల ఉన్నరు.

డబ్ల్యూపీఎస్ అని ఇంకొకటి ఉన్నది, పాస్‌వర్డ్ కొట్టకుంట బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపేది, బాక్స్ వెనక బటన్ ఉంటది. దాని ఎనిమిదంకెల పిన్‌ల పెద్ద లోపం ఉన్నదని 2011లనే బయట పడ్డది, అది పిన్‌ను రెండు ముక్కలు చేసి విడివిడిగ చూసుకుంటది, ఆఖరి అంకె లెక్కతోని వచ్చేది, అందుకే 11,000 సార్లు కొడ్తే సాలు. పాస్‌వర్డ్ ఎంత గట్టిగ పెట్టినా ఈ పిన్ ఆన్ ఉంటే దొడ్డిదారి తెరిచి ఉన్నట్టే. ఆఫ్ చెయ్యండి, మన దగ్గర దాన్ని వాడేటోళ్లు లేరు. వైఫై పేరు హైడ్ చేసినం, ఎవ్వలకూ కనపడదు అని కొందరు తమ్ముళ్లు ధీమాగ చెప్తరు, అది కస్టమర్‌కు కనపడకుంట చేసుడే తప్ప వెతికేటోనికి క్షణంల తెలుస్తది. దాని మీద టైం పెట్టకండి.

మరి ఏం పెట్టాలె అంటరా. యాదికుండాలె, గట్టిగుండాలె, ఈ రెండూ కలిసేది మాటలతోని. ఒకదానికి ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీష్ అక్షరాలల్ల కలిపి కొట్టండి. జొన్న, కిటికీ, లారీ, తాబేలు, ఇట్లాంటివి. (ఇదే పెట్టకండి, ఇది ఇప్పుడు అందరూ చదివిన్రు.) మాటలు మీకు మీరు ఆలోచించి తీసుకుంటే భద్రకాళి, కాకతీయ, సమ్మక్క అని మొదలుపెట్టి చివర్ల 123 తగిలిస్తం, ఊరి పేర్లు దేవుళ్ల పేర్లు దొంగ లిస్టుల మొదలే ఉంటయ్. ఒక ఎక్సెల్ షీట్ల ఐదు వేల మామూలు మాటలు రాసిపెట్టుకుని అండ్ల నుంచి లాటరీ తీసినట్టు తీయండి. లెక్క చూస్తే, ఐదు వేల మాటల్ల నుంచి నాలుగు తీస్తే, సెకనుకు 20 లక్షలు చూసే ఆ పెద్ద కార్డుకే మొత్తం తిప్పనీకి పదేండ్ల దగ్గర పడ్తది. ఐదో మాట కలిపితే దానికి ఐదు వేల రెట్లు. అదే ఫోన్ నంబర్‌కు అరగంట. కొట్టేటోనికి తేడా పది సెకన్లు. డబ్ల్యూపీఏ2ల 63 అక్షరాల దాక పెట్టుకోవచ్చు, మనం ఎనిమిది దగ్గరనే ఆగాల్సిన పని లేదు. కొత్త బాక్స్ అయ్యి ఇంట్ల ఫోన్లు కూడా కొత్తవే ఉంటే 2018ల వచ్చిన డబ్ల్యూపీఏ3 ఆన్ చెయ్యండి, పైన చెప్పినట్టు గుర్తు పట్టుకపోయి ఇంట్ల కూసుని తిప్పే ఆట దాని మీద నడవదు. పాత టీవీలు, పాత ఫోన్లు దానికి కలవకపోతే రెండూ కలిసిన మోడ్ ఉంటది, అప్పుడు పాస్‌వర్డ్ గట్టిగుండుడు తప్పదు.

మీ కష్టం నాకు తెల్సు. నంబర్ ఎందుకు పెడ్తున్నరు అంటే, వేరేది పెడ్తే రాత్రి పదింటికి ఫోన్ వస్తది, "తమ్మీ మా అల్లుడు వచ్చిండు, పాస్‌వర్డ్ ఏంది" అని. నంబర్ అయితే "మీ నంబరే అమ్మా" అని పెట్టేయొచ్చు. కరెక్టే. గని దానికి మందు ఉన్నది. కనెక్షన్ ఇచ్చినప్పుడే చిన్న కార్డు మీద పాస్‌వర్డ్ రాసి ఇంటోళ్ల చేతిల పెట్టండి, బీరువాలనో దేవుని అర్రల క్యాలెండర్ వెనకనో పెట్టుకుంటరు. ఇంట్ల లోపల కాగితం మీద రాసుకునుడు తప్పు కాదు, రోడ్డు మీద నిలబడ్డోడు మీ క్యాలెండర్ వెనక చూడలేడు. షాపుల్ల మాత్రం కౌంటర్ మీద అతికియ్యొద్దు. చుట్టాలకు, గిరాకీకి, కిరాయి పిల్లలకు గెస్ట్ వైఫై ఆన్ చేసి ఇయ్యండి, మీరిచ్చే చాన బాక్సులల్ల ఆ ఆప్షన్ ఉన్నది, అసలు నెట్‌వర్క్ వేరే, గెస్ట్‌ది వేరే, గెస్ట్‌ది ఎప్పుడంటే అప్పుడు మార్చొచ్చు.

ఇంకో మాట గట్టిగనే చెప్తున్న, కోపం తెచ్చుకోకండి. మీరు లైన్ తమ్ముళ్లకు కనెక్షన్ లెక్కన పైసలిస్తరు. ఎన్ని ఇండ్లు అయితే అన్ని పైసలు, అట్లాంటప్పుడు ఒక ఇంట్ల పది నిమిషాలు ఎక్కువ కూసునుడు వానికి నష్టం. మీరు రూల్ పెట్టి పైసలు ఇయ్యకుంటే ఈ లెటర్ మొత్తం చదివి తల ఊపి మళ్లీ నంబరే కొడ్తడు, అండ్ల వాని తప్పు కూడా లేదు. కొత్త కనెక్షన్‌కు మీరు ఇన్‌స్టలేషన్ చార్జీ తీసుకుంటనే ఉన్నరు, అండ్లకెల్లే ఈ పని కోసం కొంత వానికి విడిగ పెట్టండి. పని అయినట్టు ఫోటో తీసి పంపితేనే కనెక్షన్ క్లోజ్ చేస్తం అని పెట్టండి, ఇప్పుడు పవర్ మీటర్ రీడింగ్ ఫోటో అడుగుతున్నరు కద, అట్లనే డబ్ల్యూపీఎస్ ఆఫ్ ఉన్న పేజీ, బయటి నుంచి లాగిన్ ఆఫ్ ఉన్న పేజీ ఫోటోలు అడగండి. పాస్‌వర్డ్ ఫోటో మాత్రం అడగకండి. అది ఆ ఇంటోళ్లది, మీ వాట్సాప్ గ్రూపుల ఊరి పాస్‌వర్డ్‌లు అన్నీ పేరుకపోతే అది ఇంకో ప్రమాదం.

పాత కనెక్షన్లు అన్నీ ఒక్క నెలల మార్చమని నేను అంటలేను, కాదు కూడా. రెడ్ లైట్ వచ్చిందని కంప్లైంట్ మీద ఎట్లనన్నా ఇంటికి పోతరు, పోయినప్పుడు అడగండి, "అమ్మా మీ పాస్‌వర్డ్ ఫోన్ నంబరే ఉన్నది, మార్చమంటరా" అని. ఒప్పుకుంటే మార్చి కార్డు ఇచ్చి, ఇంట్ల ఉన్న ఫోన్లకు, టీవీకి మళ్లీ కలిపిచ్చి రండి, లేకపోతే టీవీ రాలేదని మళ్లీ మీకే ఫోన్. రాష్ట్ర ప్రభుత్వం టీ-ఫైబర్ కింద ఇప్పుడు ఊర్లకు కూడా తీగ పోతున్నది, రేపు పరకాల, నర్సంపేట పక్క ఊర్లల్ల రైతు ఇంట్ల బాక్స్ పెట్టేది కూడా మీ తమ్ముళ్లే, లేకపోతే మీ దగ్గర పని నేర్చుకున్నోళ్లే. ఇక్కడ ఏ అలవాటు ఉంటే అక్కడికి అదే పోతది.

మొదలు మాత్రం హాస్టళ్లు, క్లినిక్‌లు, ట్యూషన్ సెంటర్లు చూడండి, అందులో ఆడపిల్లల హాస్టళ్లు అన్నిటికంటే ముందు. జూన్‌ల కొత్త పిల్లలు వస్తరు, అంతకంటే ముందే ఎండాకాలం సెలవుల్ల హాస్టళ్లు ఖాళీగ ఉన్నప్పుడు పాత పాస్‌వర్డ్‌లు తీసేసి పిల్లలకు గెస్ట్, ఆఫీసుకు, కెమెరాలకు వేరే పెట్టొచ్చు. లైన్ తమ్ముళ్లకు ఒకసారి చేసి చూపియ్యాలంటే మీ ఆఫీసులనే ఒక ఆదివారం పొద్దుగాల పెట్టండి, రెండు మూడు రకాల బాక్సులు టేబుల్ మీద ఉంటే సాలు, నేను వచ్చి చూపిస్త, నాకు పైసలు వద్దు. మీ అసోసియేషన్ మీటింగుల ఈ ముచ్చట ఎత్తి తేదీ చెప్పండి.

ఇట్లు,
మీ బాక్సుల పక్కనే పని చేసుకునే ఒక కెమెరా మెకానిక్, హనుమకొండ